బుకింగ్ ఫారమ్ మెయిళ్లు స్పామ్‌లో పడుతుంటే

మీ తిరుపతి లాడ్జి సైటు నుంచి వచ్చే బుకింగ్ మెయిళ్లు స్పామ్‌లో పడుతున్నాయంటే తప్పు మెయిల్ పంపే పీహెచ్‌పీ ఫంక్షన్‌ది కాదు, ఫ్రమ్ (పంపినవారి) అడ్రస్‌ది. భక్తులు ఫారమ్‌లో కొట్టిన జీమెయిల్ ఐడీనే ఫ్రమ్‌లో పెట్టారు. జీమెయిల్ పేరుతో మీ సర్వర్ పంపితే డీమార్క్ చెక్‌లో (ఫ్రమ్‌లోని డొమైన్ అసలుదేనా అని చూసే పరీక్షలో) ఫెయిలవుతుంది. ఇక స్పామే, లేదంటే అసలు రాదు.

1. ఫ్రమ్‌లో ఎప్పుడూ మీ డొమైన్ ఐడీయే. దాని ఎస్‌పీఎఫ్ రికార్డు (ఆ డొమైన్ పేరుతో ఏ సర్వర్లు మెయిల్ పంపొచ్చో చెప్పే జాబితా) డొమైన్ డీఎన్ఎస్ సెట్టింగుల్లో ఉండాలి.
2. ఫారమ్ నింపినవాళ్ల ఐడీ రిప్లై-టులో పెట్టండి. చాలామంది వదిలేసేది ఇదే. ఇదుంటే మీరు రిప్లై నొక్కగానే జవాబు నేరుగా వాళ్లకే పోతుంది.
3. పీహెచ్‌పీమెయిలర్ (పీహెచ్‌పీలో మెయిల్ పంపే రెడీమేడ్ లైబ్రరీ) వాడండి: ఎస్ఎమ్‌టీపీ (మెయిల్ సర్వర్‌లో లాగిన్ అయి పంపే పద్ధతి), పోర్టు 587, స్టార్ట్‌టీఎల్ఎస్ ఎన్‌క్రిప్షన్. క్యారెక్టర్ సెట్ యూటీఎఫ్-8 అని ఇవ్వకపోతే తెలుగు పేర్లు పిచ్చి గీతలే.
4. బుకింగ్ మెయిల్‌కీ రసీదు మెయిల్‌కీ కోడ్ వేరే కాపీలెందుకు? ఒకే ఫంక్షన్, ఎవరికి, సబ్జెక్టు, బాడీ, రిప్లై-టు మాత్రం బయటి నుంచి ఇవ్వండి. ఎస్ఎమ్‌టీపీ పాస్‌వర్డ్ మాత్రం సైటు పబ్లిక్ ఫోల్డర్ బయట, కాన్ఫిగ్ (సెట్టింగుల) ఫైల్లో పెట్టండి.