ఏసీ కొనే ముందు స్లాబ్ మీదికెక్కి చూడు

చిరంజీవి రమేష్‌కు పెద్దబాపు దీవెనలు.

నువ్వు పంపిన నాలుగు ఏసీల ఫొటోలూ చూశాను. అన్నింటి మీదా ధరలున్నాయి, స్టార్లున్నాయి. కింద ‘పెద్దబాపూ, ముప్పై అయిదు వేలు దాటొద్దు, ఇందులో ఏది తీసుకోమంటవు?’ అని నీ ప్రశ్న ఉంది. గది ఫొటో మాత్రం ఒక్కటీ లేదు. వేలు చూపకుండా ఉంగరం సైజు చెప్పమన్నట్టుంది నీ పని. ఫోన్లో చెప్తే సగం మర్చిపోతావు, అందుకే రాస్తున్నా.

ఐటీఐ అయిపోయాక నేను మొదట పనికి కుదిరింది ఏసీ షాపులో కాదు, ఏనుమాముల మార్కెట్ దగ్గరి మిర్చి కోల్డ్ స్టోరేజీలో. అమ్మోనియా మిషన్లు, గోడలకు జానెడు మందం థర్మకోల్, చెక్క పెట్టెల్లాంటి తలుపులు. తలుపు తీసి పట్టుకుని హమాలీతో రెండు మాటలు మాట్లాడితే చాలు, ఓనరు గుమాస్తా గదిలోంచే అరిచేవాడు. ఇంత చిన్నదానికి అంత కోపమెందుకని అప్పుడు నవ్వుకునేవాళ్లం. తర్వాత హన్మకొండలో సొంతంగా రిపేరు షాపు పెట్టుకున్నాక ఆయన కోపం అర్థమైంది. మిషన్ చల్లదనాన్ని పుట్టించదు బిడ్డా. లోపలున్న వేడిని ఎత్తి బయట పోస్తుంది, అంతే. ఊట బావిలో నీళ్లు తోడినట్టే. ఊట ఎంతుందో చూడకుండా ఎన్ని హార్స్‌పవర్ల మోటరు కావాలో ఎవరు చెప్పగలరు?

మీ ఇంట్లో ఊట పైనుంచి వస్తోంది. పడకగది పై అంతస్తులో ఉంది, నెత్తిన ఉత్త స్లాబ్, పడమటి గోడకు నీడనిచ్చే చెట్టు కూడా లేదు. రేపు పొద్దుగూకాక ఏడింటికి చెప్పులు విడిచి స్లాబ్ మీదికెక్కి నిలబడు. కాలు పెట్టలేకపోతే, ఆ వేడంతా రాత్రి ఒంటిగంట దాకా నీ గదిలోకి దిగుతూనే ఉంటుందని లెక్క. అందుకే నీ 35 వేలలో మొదటి మూడు నాలుగు వేలు ఏసీకి కాదు, ఆ గది పైభాగానికి పెట్టమంటాను. స్లాబ్ శుభ్రంగా కడిగి, పగుళ్లు పూడ్చి, తెల్ల కూల్ రూఫ్ పెయింట్ రెండు పూతలు వేయించు. అది కూడా బరువనిపిస్తే సున్నంలో జిగురు కలిపి కొట్టినా పనిచేస్తుంది, కాకపోతే ఏటా కొట్టాలి. ఇది నా సొంత చిట్కా అనుకునేవు. మన తెలంగాణ ప్రభుత్వం 2023లో దీని మీద ఏకంగా కూల్ రూఫ్ పాలసీనే తెచ్చింది. పడమటి కిటికీకి బయటి వైపు వెదురు చాప కట్టు. లోపల కర్టెన్ వేస్తే ఎండ అప్పటికే గదిలోకి వచ్చేసినట్టు.

ఈ మాట నేను దెబ్బ తిని నేర్చుకున్నదే. మా పై గది 12 అడుగులకు 14. ఊరందరి ఏసీలు బాగుచేసే నేను, చవకగా దొరికిందని ఒక టన్నుది తెచ్చి పెట్టాను. మే నెలలో రాత్రంతా కంప్రెసర్ ఒక్క క్షణం ఆగలేదు. మీ పెద్దమ్మ అయితే ‘ఇది ఏసీనా, మోత చేసే ఫ్యానా’ అని వారం రోజులు ఆడిపోసుకుంది. చివరికి స్లాబ్‌కు తెలుపు కొట్టాకే అది ఆగి ఊపిరి తీసుకోవడం మొదలుపెట్టింది.

ఇప్పుడు సైజు సంగతి. టన్ను అంటే ఏసీ బరువు కాదు. ఒక టన్ను ఐసుగడ్డ ఇరవై నాలుగు గంటల్లో కరగడానికి ఎంత వేడి తీసుకుంటుందో, అంత వేడిని లాగే శక్తి. ఐసు దిమ్మెలతో చల్లబరిచిన కాలం నాటి లెక్క అది. వాట్లలో చెబితే టన్నుకు సుమారు 3,500, ఒకటిన్నర టన్నుకు సుమారు 5,270 రావాలి. షాపులో ‘ఒకటిన్నర’ అని రాసిన వాటిలో 4,700 వాట్లవీ ఉంటాయి, 5,200 దాటినవీ ఉంటాయి. డబ్బా మీది టన్ను అంకె వదిలేసి, లేబుల్‌లో కూలింగ్ కెపాసిటీ ఎన్ని వాట్లో చదువు. రెండు వేలు తక్కువకు వస్తున్న మోడల్ గుట్టు చాలాసార్లు అక్కడే బయటపడుతుంది.

ఇంకో మెలిక ఉంది. ఆ వాట్లు బయట 35 డిగ్రీలున్నప్పుడు కొలిచినవి. మన దగ్గర మే నెల మధ్యాహ్నం 43, 44 మామూలే, రామగుండం వైపు చెప్పనే అక్కర్లేదు. బయట వేడి పెరిగేకొద్దీ మిషన్ శక్తి తగ్గుతుంది. కాబట్టి 120 చదరపు అడుగుల గదికి ఒక టన్ను చాలన్న లెక్క కింది అంతస్తుకే పెట్టుకో. నీది 11కు 13, పైగా పై అంతస్తు. ఒకటిన్నర టన్నే తీసుకో, 5,000 వాట్లకు తగ్గకుండా. రెండు టన్నులకు పోకు.

స్టార్ల దగ్గర అందరూ తడబడతారు. అయిదు స్టార్లంటే మంచిది, మూడంటే నాసి అనుకుంటారు. స్టారు చెప్పేది కరెంటు పొదుపు ఒక్కటే. ఆ కొలతనూ అప్పుడప్పుడూ బిగిస్తుంటారు. ఒక యూనిట్ కరెంటుకు ఏసీ ఎంత వేడి లాగుతుందో చెప్పే అంకెను ఐఎస్‌ఈఈఆర్ అంటారు. 2022 జూలైకి ముందు అది 4.5 ఉంటే అయిదు స్టార్లు, ఆ తర్వాత 5 ఉండాలన్నారు. 2026 జనవరి నుంచి ఇంకాస్త బిగించారు. పాత స్టాకు అంటగట్టే షాపులో స్టార్లు లెక్కపెట్టకు, ఐఎస్‌ఈఈఆర్ అంకె చూడు, లేబుల్ ఏ సంవత్సరానిదో చూడు.

లేబుల్ మీద ఏడాదికి ఇన్ని యూనిట్లు అని రాస్తారు కదా, అది 1,600 గంటల వాడకానికి. 2025 దాకా వచ్చిన లేబుళ్లలో ఒకటిన్నర టన్ను మూడు స్టార్ల దానికి 950 అటూ ఇటూ, అయిదు స్టార్ల దానికి 750 అటూ ఇటూ ఉండేది. నువ్వేమో రాత్రి పదింటి నుంచి ఆరింటి దాకా, మార్చి చివర నుంచి జూన్ సగం దాకా వాడతావు. 90 రోజులనుకుంటే 720 గంటలు. అంటే రెండింటికీ తేడా ఏడాదికి 90 యూనిట్లు. యూనిట్‌కు రూ.7.70 లెక్కన 700 రూపాయలు. మన ఎండకు మిషన్ లేబుల్ కన్నా ఎక్కువే లాగుతుంది కాబట్టి వెయ్యి అనుకో. షాపులో రెండింటి ధరకూ తేడా ఎనిమిది, పది వేలు. ఆ డబ్బు తిరిగి రావడానికి ఎనిమిదేళ్లు దాటుతుంది. నీకు మూడు స్టార్ల ఇన్వర్టర్ ఏసీ, అంటే అవసరాన్ని బట్టి కంప్రెసర్ వేగం మార్చుకునేది చాలు. అదే మీ బాపు పగలంతా కూడా ఆ గదిలోనే పడుకుంటాడంటే లెక్క తిరగబడుతుంది, అప్పుడు అప్పు చేసైనా అయిదు స్టార్లదే కొను.

నువ్వు అడగనిది, నేను చెప్పక తప్పనిది కరెంటు బిల్లు సంగతి. మీకు గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు జీరో బిల్లు వస్తోంది. ఏసీ పెట్టిన నెల 200 దాటితే, దాటిన వాటికే కడితే సరిపోతుందనుకుంటున్నావేమో. కాదు, ఆ నెల మొత్తానికీ కట్టాలి. పైగా 200 దాటిన ఇంటికి మొదటి 200 యూనిట్లకే రూ.5.10 చొప్పున పడుతుంది, ఆపైవాటికి రూ.7.70. ఇప్పుడు నెలకు 120 కాలుస్తున్నారు. ఏసీ రోజుకు దాదాపు అయిదు యూనిట్లు కలిపితే 265 అవుతుంది. బిల్లు రూ.1,500 పైమాటే, ఫిక్స్‌డ్ ఛార్జీలు వేరే. సున్నా నుంచి పదిహేను వందలు! మూడు నెలలకు నాలుగున్నర వేలు. ఇది కూడా ఏసీ ధరలో కలుపుకునే మాట్లాడు. ఏప్రిల్లో గాలి పొడిగా ఉన్నన్నాళ్లూ కూలర్‌తోనే నెట్టుకురా, అప్పుడు కూలర్ బాగా పనిచేస్తుంది. తొలకరి పడి ఉక్కపోత మొదలయ్యాక దానికి చేతకాదు. రెండూ ఒకే గదిలో ఒకేసారి మాత్రం పెట్టకు, కూలర్ పోసే తడిని ఏసీ తోడాల్సి వస్తుంది. 2020 నుంచి కొత్త ఏసీలన్నీ ఆన్ చేయగానే 24 దగ్గర మొదలవుతాయి. నువ్వు 26లో పెట్టి ఫ్యాన్ ఒకటి మీద తిప్పు, దుప్పటి వెతుక్కుంటావు.

అమెరికాలో అన్న ఇంట్లోలాగా ఎండకూ చలికీ ఒకే మిషన్ పెట్టుకోవచ్చా అని అడిగావు. షికాగోలో వాడింట్లో నేను ఒక చలికాలం ఉండొచ్చాను, నా బుద్ధి ఊరుకుంటుందా, సెల్లార్లోకి దిగి అంతా చూశాను. వాళ్లది గ్యాస్ ఫర్నేస్. పైపులో వచ్చే గ్యాస్‌ను ఒక పెట్టెలో మండిస్తారు, ఆ వేడిని బ్లోయర్ గాలితో అన్ని గదులకూ రేకు గొట్టాల ద్వారా పంపిస్తుంది. ఏసీ కాయిల్ ఆ ఫర్నేస్ నెత్తిన కూర్చుంటుంది. బ్లోయర్ ఒకటే, గొట్టాలూ అవే. అందుకే అక్కడ ఒకటి ముసలిదైతే రెండూ కలిపి మారుస్తారు. వాళ్లకు స్టార్లలాగా ఏఎఫ్‌యూఈ అనే శాతం ఉంటుంది. 80 అంటే వంద రూపాయల గ్యాస్‌లో ఇరవై చిమ్నీలో పోతుంది. 95 దాటిన దాంట్లో పొగ ఎంత చల్లారుతుందంటే, ప్లాస్టిక్ గొట్టంలోంచి బయటికి వదిలేస్తారు! నేను చెయ్యి పెట్టి చూశాను. నీళ్లు గొట్టాల్లో గడ్డకట్టే చోట అది ప్రాణావసరం. మన హన్మకొండలో డిసెంబర్ చలికి ఒక రగ్గు చాలు.

హాట్ అండ్ కోల్డ్ ఏసీ అని ఉంది, అదే మిషన్ తిరగబడి బయటి వేడిని లోపలికి తెస్తుంది, ఒక యూనిట్ కరెంటుకు మూడు యూనిట్ల దాకా వేడి ఇస్తుంది. అది ఆదిలాబాద్‌లో ఉన్న మీ అక్కకు పనికొస్తుంది, అక్కడ చలి పది డిగ్రీల కిందికి పోతుంది. నీకు అనవసరం. చలి అని మూసిన గదిలో గ్యాస్ హీటర్ గానీ బొగ్గుల కుంపటి గానీ పెట్టొద్దని మాత్రం ఇంట్లో అందరికీ చెప్పు. ఆ మంట వదిలే విషవాయువుకు వాసన ఉండదు, నిద్రలోనే మనిషి పోతాడు.

ఇక ఫిట్టింగ్. నా అనుభవంలో కొత్త ఏసీల కంప్లయింట్లలో సగానికి పైగా మిషన్‌వి కావు, బిగించినవాడివి. మా అమ్మాయి ఫ్లాట్లో ఇద్దరు పిల్లగాళ్లు ముప్పావు గంటలో బిగించి వెళ్లారు. నేను ఊళ్లో లేను. ఏడాది తిరక్కుండానే చల్లదనం పోయింది. చూస్తే పైపు కలిపే ఫ్లేర్ నట్ దగ్గర గ్యాస్ కారుతోంది, వ్యాక్యూమ్ అసలు పట్టలేదు. పైపులోని గాలినీ తేమనూ పంపుతో లాగాకే గ్యాస్ వదలాలి. చాలామంది కొంచెం గ్యాస్ బుస్సుమని వదిలి ‘అయిపోయింది సార్’ అంటారు. పంపు కనీసం పావుగంట, ఇరవై నిమిషాలు నడవాలి. దగ్గర కూర్చుని గడియారం చూడు, మొహమాటపడకు.

మీటరు బోర్డు నుంచి ఏసీకి విడిగా 4 స్క్వేర్ ఎంఎం రాగి వైరు, దానికి సొంత ఎంసీబీ (లోడు ఎక్కువైతే దానంతట అదే పడిపోయే స్విచ్), సరైన ఎర్త్. గీజర్ వైరులోంచి లాగుతానంటే ఆ ఎలక్ట్రీషియన్‌కు చాయ్ తాగించి పంపించెయ్. బిల్లు మీద కాంట్రాక్టెడ్ లోడ్, అంటే మీ ఇంటికి మంజూరైన లోడు ఎంతుందో చూసి, తక్కువుంటే మన కరెంటు కంపెనీ ఎన్పీడీసీఎల్ సెక్షన్ ఆఫీసులో పెంచమని పెట్టుకో. మీ లైన్లో సాయంత్రాలు వోల్టేజీ పడిపోతుందని నువ్వే చెప్పావు, కాబట్టి ‘స్టెబిలైజర్ అక్కర్లేదు’ అన్న మాట నమ్మకు. పీసీబీ, అంటే ఏసీ లోపలి ఎలక్ట్రానిక్ బోర్డు పోతే వేలల్లో మాట. మిషన్‌తో వచ్చే పైపు సాధారణంగా మూడు మీటర్లే. బయటి యూనిట్ దూరంగా పెడితే పైపు డబ్బులు మీటరు చొప్పున పడతాయి. దాన్ని తూర్పు గోడకు బిగించు, చుట్టూ గాలి ఆడాలి.

కోతులను మర్చిపోకు. మీ వాడలో గుంపులు గుంపులుగా తిరుగుతున్నాయి. పైపు మీది నల్ల స్పాంజిని పీకి, వైర్లు లాగి పెడతాయి. మొత్తం పీవీసీ గొట్టంలో పెట్టించు.

మిగతావి చిన్నవి. కాయిల్ రాగిదే ఉండాలి. గ్యాస్ ఆర్-32 అయితే మంచిది. వైఫై, గొంతుతో పలికే రిమోటు, వీటికి రూపాయి ఎక్కువ ఇవ్వకు. కంప్రెసర్ పదేళ్ల వారంటీ అని గొప్పగా చెప్తారు, అది త్వరగా పాడయ్యేది కాదు. పీసీబీకి ఎన్నేళ్లో, వారంటీలో గ్యాస్ నింపుతారో లేదో అడుగు. సెకండ్ హ్యాండ్‌వి చూడొద్దు, అందులో పాత ఆర్-22 ఉంటే దాని గ్యాసే దొరకడం కష్టమవుతోంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఏసీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, బిల్లులో చూసుకో.

నీ నాలుగు ఫొటోల్లో రెండోది, మూడోది పక్కన పెట్టు, వాట్లు తక్కువ. మొదటిదీ నాలుగోదీ సమానమే. హన్మకొండలో ఎవరి సర్వీస్ సెంటర్ దగ్గరుంటే అది తీసుకో. ముందు స్లాబ్ పని కానివ్వు, నెల తర్వాత కొన్నా మునిగిపోయేది లేదు. బిగించడానికి వచ్చే రోజు పొద్దున్నే ఫోన్ చెయ్యి, బండేసుకుని వస్తా. నేను వచ్చేలోపే వాళ్లు వచ్చి, బండిలోంచి వ్యాక్యూమ్ పంపు దిగకపోతే, గేటు దగ్గరే ఆపి మంచినీళ్లివ్వు.

మీ పెద్దబాపు
హన్మకొండ