ఘాట్ ఎక్కేముందు: ఆటోమేటిక్ కారు గేర్ల సంగతి

చిరంజీవి శిరీషకు పెదనాన్న ఆశీస్సులు.

కొత్త ఆటోమేటిక్ కారులో తిరుమల వెళ్తున్నారని మీ నాన్న చెప్పాడు. క్లచ్ లేదు గనుక డి (డ్రైవ్) లో పెట్టి వదిలేస్తే చాలనుకోకు. ఊళ్లో అయితే చాలు. ఘాట్‌లో మాత్రం గేరు నువ్వే ఎంచుకోవాలి.

ఎస్ లో, అంటే స్పోర్ట్ మోడ్‌లో పెడితే ఇంజిన్‌కు కొత్త బలమేమీ రాదు. పై గేరు పడటం ఆలస్యమవుతుంది, కింది గేరు తొందరగా పడుతుంది. డి లో ఇంజిన్ నిమిషానికి 2,000 చుట్లు, అంటే 2,000 ఆర్‌పీఎం దగ్గర మారే గేరు ఇందులో 3,000 దాటాక మారవచ్చు. అందుకే ఆ మోత, పెట్రోలు ఖర్చూ. ఎక్కేటప్పుడు ఇది బాగా పనికొస్తుంది. డి లో ఉంటే ప్రతి మలుపులోనూ పై గేరు వేసుకుని, బలం చాలక వెంటనే దింపుకుంటూ బండి తడబడుతుంది. ఎస్ లో ఆ తడబాటు తగ్గుతుంది. లారీని దాటాలన్నా, పక్కకు తీయకముందే ఎస్ లో పెట్టుకో.

దిగేటప్పుడు ఎస్ ను నమ్ముకోకు, కొన్ని కార్లలో అది పై గేరుకు పోతుంది. లివర్‌ను ఎం (మాన్యువల్, అంటే గేరు మనమే మార్చుకునేది) వైపు జరిపి మైనస్‌తో 2వ గేరుకు దించు. ఎం లేకపోతే చాలా కార్లలో ఎల్ (లో, అంటే కింది గేరు) ఉంటుంది. వాలు మొదలవకముందే ఈ పని అయిపోవాలి. మీటరు ముల్లు 3,000 దాటి ఇంజిన్ అరుస్తుంటే భయపడకు, ఎర్ర గీతకు దూరంగా ఉంటే చాలు. యాక్సిలరేటర్ మీద కాలు లేనప్పుడు ఆ ఇంజినే బండిని పట్టి ఆపుతుంది, పెట్రోలు కూడా దాదాపు పోదు. గేరు దించకుండా బ్రేకు మీదే కాలు ఉంచి దిగితే ప్యాడ్లు కాలి, బ్రేక్ ఆయిల్ మరిగి, పెడల్ మెత్తబడి లోపలికి పోతుంది. గట్టిగా నొక్కి, వేగం తగ్గాక వదిలెయ్. ఎన్ (న్యూట్రల్) లో మాత్రం ఎప్పుడూ దిగొద్దమ్మా. ఇంజిన్ పట్టు పూర్తిగా పోతుంది, పెట్రోలూ మిగలదు.

వాలులో పార్క్ చేసేటప్పుడు వరస ముఖ్యం. కాలి బ్రేకు నొక్కే ఉంచి ఎన్ లో పెట్టు, హ్యాండ్‌బ్రేకు లాగు, కాలు కాస్త వదిలి బరువు హ్యాండ్‌బ్రేకు మీద పడనివ్వు, మళ్లీ నొక్కి పి (పార్క్) లో పెట్టు. నేరుగా పి లో పెడితే బండి బరువంతా గేర్‌బాక్స్‌లోని చిన్న కొక్కెం మీద పడుతుంది. మళ్లీ తీసేటప్పుడు ఠక్కుమనే చప్పుడు దానివల్లే. డి నుంచి ఆర్ (రివర్స్) కు మారాలంటే బండి పూర్తిగా ఆగాలి.

మీ అన్నయ్యది ఏఎంటీ, అంటే మామూలు గేర్‌బాక్సే, క్లచ్‌నూ గేర్లనూ యంత్రమే నడిపేది. అందులో పి ఉండదు. హ్యాండ్‌బ్రేకు లాగి, గేరులో ఉంచే ఇంజిన్ ఆపమను. ఎత్తు మీద ట్రాఫిక్‌లో యాక్సిలరేటర్‌తో బండిని నిలబెడితే లోపలి క్లచ్ కాలి వాసన వస్తుంది, బ్రేకుతోనే నిలపమను.

బండి ఆగిపోతే తాడు కట్టి లాగించొద్దు, ఫ్లాట్‌బెడ్ (బల్లపరుపు లారీ) మీదే ఎక్కించండి. బ్యాటరీ చచ్చి లివర్ పి లోంచి కదలకపోతే, చాలా కార్లలో దాని పక్కన చిన్న మూత ఉంటుంది. మూత తీసి, బ్రేకు నొక్కి, లోపల తాళంచెవితో అదిమితే లివర్ కదులుతుంది. ఆ మూత ఎక్కడుందో బయలుదేరేముందే చూసుకో.

ఇట్లు,
మీ పెదనాన్న