మెమరీ కార్డు వేసినా ఫోన్‌లో చోటు చాలడం లేదా?

టెక్ సందేహాలు – సమాధానాలు

విజయవాడ, గుంటూరు పాఠకుల నుంచి మెమరీ కార్డుల మీద ప్రశ్నలు గుట్టగా చేరాయి. ఈసారి శీర్షిక మొత్తం వాటికే.

ప్రశ్న: నాది 32 జీబీ ఫోన్. 128 జీబీ కార్డు వేశాను. అయినా కొత్త యాప్ వేయబోతే స్టోరేజ్ చాలదంటోంది. కార్డు చూస్తే ఖాళీగానే ఉంది. ఎందుకిలా? – పటమట, విజయవాడ

జవాబు: కార్డు పెట్టినంత మాత్రాన రెండూ కలిసి 160 జీబీ అయిపోవండి. యాప్‌లు, వాటి డేటా, సిస్టమ్ అప్‌డేట్లు ఫోన్ మెమరీలోకే వెళ్తాయి. కార్డు చేయగల సాయం ఒకటే: ఫొటోలు, వీడియోలు, పాటలు తన దగ్గరికి తీసుకుని యాప్‌లకు చోటు మిగల్చడం. అది కూడా మనం చెబితేనే జరుగుతుంది.

ముందు కెమెరా సెట్టింగ్స్‌లో 'స్టోరేజ్ లొకేషన్' దగ్గర ఎస్‌డీ కార్డు ఎంచుకోండి. ఇకమీదట తీసేవి అక్కడికి వెళ్తాయి. పాతవాటి కోసం ఫైల్ మేనేజర్ తెరిచి, కెమెరా ఫొటోలు, వీడియోలు చేరే డీసీఐఎం ఫోల్డర్‌లో ఉన్నవాటిని కార్డులోకి కాపీ చేయండి. 'మూవ్' కాదు, 'కాపీ'. కార్డులో నాలుగైదు వీడియోలు తెరిచి చూసి, అవి సరిగ్గా ఆడుతున్నాయని నమ్మకం కుదిరాకే ఫోన్‌లోవి తీసేయండి. తీసేటప్పుడు కూడా ఫైల్ మేనేజర్ నుంచే తీయండి. గూగుల్ ఫొటోస్ యాప్‌లో డిలీట్ కొడితే, బ్యాకప్ ఆన్‌లో ఉన్నవారికి క్లౌడ్‌లోని కాపీ కూడా పోతుంది. తర్వాత ట్రాష్ ఖాళీ చేయడం మరవొద్దు. చాలా ఫోన్లలో డిలీట్ చేసినవి 30 రోజులు అందులోనే ఉంటాయి, చోటు మాత్రం ఖాళీ కాదు. గూగుల్ మ్యాప్స్ ఆఫ్‌లైన్ మ్యాపులను, యూట్యూబ్ డౌన్‌లోడ్లను కూడా ఆయా యాప్‌ల సెట్టింగ్స్‌లో కార్డుకు మళ్లించవచ్చు.

కొన్ని ఫోన్లు కార్డు పెట్టగానే 'ఇంటర్నల్ స్టోరేజ్‌గా ఫార్మాట్ చేయాలా' అని అడుగుతాయి. 2015లో ఆండ్రాయిడ్ 6.0తో వచ్చిన సదుపాయం ఇది. దీంతో కొన్ని యాప్‌లను కార్డులోకి మార్చుకోవచ్చు. అయినా మా సలహా ఒద్దనే. ఫోన్ లోపలి మెమరీ ముందు కార్డు చాలా నెమ్మది. అక్కడికి చేరిన యాప్‌లు తెరుచుకోవడానికే తడబడతాయి, ఫోన్ అంతా ఈడ్చినట్టు నడుస్తుంది. ఇంతకన్నా పెద్ద ప్రమాదం ఏమిటో కింది ఉత్తరం చూస్తే తెలుస్తుంది.

ప్రశ్న: 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో మా ఫోన్ నీళ్లలో మునిగి పాడైంది. అందులోని కార్డు తీసి వేరే ఫోన్‌లో పెడితే ఫార్మాట్ చేయమంటోంది. అమ్మాయి పెళ్లి ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయి. ఏం చేయాలి? – అజిత్‌సింగ్‌నగర్, విజయవాడ

జవాబు: ఎవరు అడిగినా, ఏ ఫోన్ అడిగినా ఫార్మాట్ మాత్రం నొక్కకండి. కార్డు వెనుక మెరిసే లోహపు గీతలను (కాంటాక్టులను) పొడి మెత్తటి గుడ్డతో తుడిచి, కార్డ్ రీడర్‌లో పెట్టి కంప్యూటర్‌కు తగిలించండి. నీళ్లు తగిలినా మెమరీ కార్డులు చాలాసార్లు బతుకుతాయి, లోపలి చిప్ ప్లాస్టిక్ పోతలో మూసి ఉంటుంది కనుక. ఫొటోలు కనబడితే వెంటనే కంప్యూటర్‌లోకి కాపీ చేసుకోండి.

కంప్యూటర్ కూడా ఫార్మాట్ అడిగితే రెండు అవకాశాలున్నాయి. ఒకటి, ఫైల్ సిస్టమ్, అంటే ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే పట్టిక చెడింది. అలాగైతే ఫొటోరెక్ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో వెతకవచ్చు. దొరికినవాటిని కంప్యూటర్‌లోనే సేవ్ చేయాలి, ఆ కార్డు మీద ఒక్క ఫైలు కూడా రాయకూడదు. రెండోది, ఆ కార్డును అప్పట్లో ఇంటర్నల్‌గా ఫార్మాట్ చేసి ఉంటారు. అప్పుడు ఫోన్ దానిలోని సమాచారాన్నంతా సంకేతభాషలోకి మార్చేస్తుంది. దాన్ని విప్పే తాళంచెవి ఆ ఫోన్ బోర్డు మీది మెమరీలోనే ఉంటుంది. వేరే ఫోన్‌కు, ఏ రికవరీ షాపుకూ అది తెరుచుకోదు. మిగిలిన దారల్లా పాత ఫోన్ అదే బోర్డుతో ఒక్కసారైనా ఆన్ కావడం. చిప్ లెవెల్ రిపేరు చేసేవారి దగ్గరికి తీసుకెళ్లి, 'డేటా కావాలి, బోర్డు మార్చొద్దు, సాఫ్ట్‌వేర్ వేయొద్దు, రీసెట్ చేయొద్దు' అని ముందే గట్టిగా చెప్పండి. డిస్‌ప్లే, బ్యాటరీ, ఛార్జింగ్ పిన్ మార్చితే తాళంచెవికి ఏమీ కాదు. రోజులు గడిచేకొద్దీ బోర్డు తుప్పు పడుతుంది కాబట్టి ఈ పని వాయిదా వేయకండి.

ప్రశ్న: మిర్చి యార్డులో కమీషన్ కొట్టు మాది. రోజూ సరుకు ఫొటోలు, వీడియోలు వందల్లో వాట్సాప్‌లో వస్తాయి. వాట్సాప్‌ను కార్డులోకి మార్చడం ఎలా? – గుంటూరు

జవాబు: వాట్సాప్ తన ఫైళ్లను ఫోన్ మెమరీలోనే పెట్టుకుంటుంది, కార్డును ఎంచుకునే వీలు అందులో లేదు. చేత్తో తరలించాలి. ఫైల్ మేనేజర్‌లో వరసగా ఆండ్రాయిడ్, మీడియా, కామ్.వాట్సాప్, వాట్సాప్, మీడియా ఫోల్డర్లు తెరవండి. వాట్సాప్ బిజినెస్ అయితే మూడో ఫోల్డర్ పేరు చివర డబ్ల్యూ4బీ అని ఉంటుంది. లోపల వీడియోలకు, ఫొటోలకు వేర్వేరు ఫోల్డర్లున్నాయి. వీడియోలతో మొదలుపెడితే త్వరగా చోటు దొరుకుతుంది. వాటిలోని 'సెంట్' ఫోల్డర్ కూడా చూడండి, మీరు పంపినవాటి కాపీలు అక్కడ పేరుకుని ఉంటాయి. 'డేటాబేసెస్' ఫోల్డర్ జోలికి వెళ్లకండి, అది మీ చాట్ల బ్యాకప్.

ఒక సంగతి గుర్తుంచుకోండి: తరలించిన ఫొటో ఇక చాట్‌లో తెరుచుకోదు, కార్డులో వెతుక్కోవాలి. అందుకని నెలకో ఫోల్డర్ పెట్టి, లెక్క తేలిన లాట్ల ఫొటోలనే పంపండి. బేరం నడుస్తున్నవి ఫోన్‌లోనే ఉండనివ్వండి. 'స్టోరేజ్ అండ్ డేటా' సెట్టింగ్‌లో వీడియోల ఆటో డౌన్‌లోడ్ ఆపేస్తే సగం బాధ అక్కడే తీరుతుంది.

ప్రశ్న: ట్రేలో రెండో సిమ్‌కూ కార్డుకూ ఒకటే చోటు. రెండూ కావాలి. సిమ్ చిప్ కోసి కార్డుకు అతికించవచ్చంటున్నారు. నిజమేనా? – గుణదల, విజయవాడ

జవాబు: ఆ పని చేయొద్దు. మందం పెరిగి ట్రే లోపల ఇరుక్కుంటుంది, లాగితే పిన్నులు విరుగుతాయి. ఫోన్‌లో ఈ-సిమ్ (కార్డు వేయకుండానే నంబరు పనిచేసే ఏర్పాటు) ఉంటే ఒక నంబరు దానికి మార్చుకోండి. లేకపోతే ఫోన్ ఛార్జింగ్ పోర్టుకే తగిలించే ఓటీజీ పెన్‌డ్రైవ్ కొని వారానికోసారి ఫొటోలు అందులోకి ఎక్కించుకోండి.

ప్రశ్న: ఫుట్‌పాత్ మీద 512 జీబీ కార్డు 400 రూపాయలకు కొన్నాను. మొదట్లో బాగానే ఉంది. ఇప్పుడు వీడియోలు తెరుచుకోవడం లేదు. – అరండల్‌పేట, గుంటూరు

జవాబు: అది నకిలీ కార్డు. లోపల 8, 16 లేదా 32 జీబీ చిప్ పెట్టి, 512 అని చెప్పేలా కార్డును నడిపే కంట్రోలర్‌ను మారుస్తారు. అసలు చోటు నిండేదాకా బాగానే నడుస్తుంది. ఆ తర్వాత వచ్చిన ఫైళ్ల పేర్లు కనబడతాయి తప్ప లోపల ఏమీ ఉండదు. కొన్ని కార్డుల్లో కొత్తవి పాతవాటి మీద పడి అవీ చెడతాయి. పోయినవి తిరిగి రావు, తెరుచుకుంటున్నవి ఇప్పుడే కాపీ చేసుకోండి.

ఇక మీదట ఎక్కడ కొన్నా, కొన్న రోజే పరీక్షించండి. విండోస్ కంప్యూటర్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రామ్ ఖాళీ కార్డును పూర్తిగా నింపి, రాసింది రాసినట్టే ఉందో లేదో చదివి చెబుతుంది. సెకనుకు 10 ఎంబీ వేగంతో 512 జీబీ రాయడానికే 14 గంటలు దాటుతుంది. కాబట్టి ముందు 70 జీబీ మాత్రమే ఇచ్చి చూడండి, రెండు గంటల్లో రాయడం పూర్తవుతుంది. అక్కడే తప్పులు చూపితే తిరిగి ఇచ్చేయండి. తప్పులు లేకపోతే రాత్రికి మొత్తం పరీక్ష పెట్టి పడుకోండి. 64 జీబీ కార్డు ఫోన్‌లో 59 చిల్లర చూపితే మాత్రం మోసం కాదు, అది లెక్కించే పద్ధతిలో తేడా.

ప్రశ్న: కార్డు మీద సీ10, యూ3, వీ30, ఏ1 అని ఉంటాయి. ఏది చూసి కొనాలి? – లక్ష్మీపురం, గుంటూరు

జవాబు: సీ10 అంటే సెకనుకు కనీసం 10 ఎంబీ రాయగలదని, యూ3, వీ30 అంటే 30 ఎంబీ అని. ఏ1 అనేది కార్డులోంచి యాప్‌లు నడపడానికి తగిన వేగం ఉందని చెప్పే గుర్తు. పెట్టె మీద పెద్దక్షరాల్లో వేసే 100 ఎంబీ చదివే వేగం, రాసేది కాదు. 4కే వీడియో తీసేవారు యూ3 తీసుకోవాలి, మిగిలినవారికి సీ10తో పాటు ఏ1 గుర్తున్నది సరిపోతుంది. మీ ఫోన్ ఎంత సైజు దాకా తీసుకుంటుందో ముందు చూసుకోండి. పాత ఫోన్లు కొన్ని 32 జీబీ దాటితే గుర్తించవు.

ప్రశ్న: కార్డులో డిలీట్ చేసిన ఫొటోలు ఫోన్ ఆఫ్ చేసి ఆన్ చేయగానే మళ్లీ వస్తున్నాయి. ఫార్మాట్ చేసినా అంతే. వైరసా? – నల్లపాడు, గుంటూరు

జవాబు: వైరస్ కాదు, కార్డు ఆయువు తీరింది. లోపలి మెమరీ అరిగినప్పుడు కంట్రోలర్ రాయడాన్ని ఆపేసి చదవడానికి మాత్రమే ఒప్పుకుంటుంది. ఏ యాప్‌తోనూ అది బాగుపడదు. ఈరోజే అన్నీ కాపీ చేసుకోండి, రేపు చదవడం కూడా ఆగిపోవచ్చు. బిల్లు ఉంటే వారంటీలో మార్చి ఇస్తారు. కాకపోతే ఈ కార్డులోది మీరు తుడవలేరు, ఉన్నదున్నట్టు కంపెనీ చేతికి వెళ్తుంది. ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ ఫొటోలు అందులో ఉంటే వారంటీ వదులుకుని, కార్డును కత్తెరతో అడ్డంగా ముక్కలు చేసి పారేయండి.