హారికకు చిన్నాయన రాసేది

హోబార్ట్, టాస్మేనియా (ఆస్ట్రేలియా)

అమ్మా హారికా,

నువ్వు టాస్మేనియా సభకు బాస్ నియోజకవర్గంలో గ్రీన్స్ పార్టీ తరఫున నిలబడుతున్నావని మీ నాయన ఫోన్లో చెప్పినాడు. "నువ్వే దాన్ని చెడగొట్టినావు" అని నన్ను తిట్టినాడు కూడా. మీ పిన్నమ్మ ఆ రాత్రి పాయసం చేసింది. నాకు మటుకు నిద్ర పట్టలేదు.

పౌరసత్వం కాగితాలు చూసుకో. ప్రతి డాలరుకూ రసీదు పెట్టుకో. పోలింగ్ రోజు కేంద్రాల దగ్గర కరపత్రాలు పంచకూడదు, మర్చిపోవద్దు. ఒక్కో నియోజకవర్గం నుంచి ఏడుగురు గెలుస్తారు, ఒకే పార్టీ వాళ్లు చాలామంది నిలబడతారు. బ్యాలెట్లో పేర్ల వరస కాగితానికీ కాగితానికీ మారుతుంది కాబట్టి మన పార్టీ వాళ్లే నీకు పోటీ. వాళ్లతో మాట మాత్రం తూలకు. ఉద్యోగం మానతానన్నావట. పిచ్చిదానా, సెలవు పెట్టు.

1972 మార్చి 23న ఇక్కడి టౌన్ హాల్లో జనం కూడి యునైటెడ్ టాస్మేనియా గ్రూప్ పెట్టినారు. లేక్ పెడ్డర్‌ని ఆనకట్టలు ముంచబోతుంటే లేబర్, లిబరల్ రెండు పెద్ద పార్టీలూ ఆనకట్టల పక్షమే. నెల తిరక్కుండానే ఎన్నికలు. ఓట్లు 4 శాతం లోపే, సీటు ఒక్కటీ రాలేదు, సరస్సూ మునిగింది. ప్రపంచంలో మొదటి గ్రీన్ పార్టీ అదేనంటారు. నేను 1987లో వచ్చేసరికి అది లేదు, దాని మనుషులున్నారు. వాళ్లలో ఒకాయన మునిగిపోయిన ఆ గులాబీరంగు ఇసుక ఒడ్డు ఫొటో చూపించినాడు. నాకు సంగమేశ్వరం గుర్తొచ్చింది. ఆ గుడన్నా ఎండాకాలం శ్రీశైలం నీళ్లు తగ్గితే పైకి తేలుతుంది. మా అమ్మమ్మ ఊరు తేలదు. ఆ వారమే వాళ్ల మీటింగుకు పోయినా.

ఇప్పుడు నా తప్పు చెప్తా. మీ నాయనకు తెలీదు, చెప్పొద్దు.

1989లో మనవాళ్లు ఐదుగురు గెలిచి లేబర్ ప్రభుత్వాన్ని నిలబెట్టినారు. 1996లో నలుగురు గెలిస్తే లిబరల్ ప్రభుత్వం కూడా మన మద్దతు మీదే నడిచింది. ఆ బెడద తీరాలని 1998లో రెండు పెద్ద పార్టీలూ కలిసి సభను 35 నుంచి 25కి కుదిస్తామన్నాయి. పైకి చెప్పిన మాట ఖర్చు తగ్గుతుందని. మా మీటింగులో రిటైరైన టీచరమ్మ ఒకామె లేచి దీని గురించి మాట్లాడదామన్నది. నేను అడ్డం పడినా. "జీతాలు తీసుకునేవాళ్లు తగ్గితే మనకేం నష్టం? అడవుల సంగతి చూద్దాం" అన్నా. నలుగురు నవ్వినారు. ఆమె కూర్చుంది.

నేను ఇంజినీరును, హారికా. వేళ్ల మీద చేసే లెక్క అది. నియోజకవర్గానికి ఏడుగురైతే ఓట్లలో ఎనిమిదో వంతు వస్తే సీటు. ఐదుగురైతే ఆరో వంతు కావాలి. పన్నెండున్నర శాతం దగ్గరుండే గీతను దాదాపు పదిహేడుకు జరిపినారు. మనకొచ్చేది పది, పదకొండు. నేను లెక్కే వేయలేదు.

ఆ ఆగస్టులో ఫలితాలొచ్చే రాత్రి రేడియో దగ్గర నోటుబుక్కు పెట్టుకుని కూర్చున్నా. ఆమె నా పక్కనే ఉంది. మన ఓటు 11 నుంచి 10కి తగ్గిందంతే. సీట్లు నాలుగు నుంచి ఒకటికి పడిపోయినాయి. సభలో మన పార్టీ నుంచి పెగ్ పట్ ఒక్కతే మిగిలింది. నా పెన్సిలు ముల్లు విరిగితే ఆమె తన సంచిలోంచి ఇంకోటి తీసి ఇచ్చింది. ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. 35 మళ్లీ వచ్చింది 2024లో, మనకు మళ్లీ ఐదుగురు. 26 ఏళ్లు పట్టింది. నా ఒక్కడి మాటతో ఆ బిల్లు ఆగేది కాదు, నాకూ తెలుసు. అయినా ఆమెను కూర్చోబెట్టింది నేనే కదా. అడవి గురించి మాట్లాడేవాళ్లు నీకు చాలామంది దొరుకుతారు. చదువుతుంటే ఆవులింతలొచ్చే బిల్లులుంటాయే, అవి నువ్వు చదువు.

ఇంకొకటి. ఫ్లిండర్స్ దీవి నీ నియోజకవర్గంలోదే, ప్రచారానికి చిన్న విమానంలో పోతావేమోనని నా భయం. 1972 సెప్టెంబరులో లేక్ పెడ్డర్ కోసం పోరాడే బ్రెండా హీన్ ఒక చిన్న టైగర్ మాత్ విమానంలో దేశ రాజధాని కాన్‌బెర్రాకు బయల్దేరింది. నడిపింది మాక్స్ ప్రైస్. ముందు రాత్రి హ్యాంగర్లో ఎవరో జొరబడినారు. ఆ ఇద్దరూ ఏమైనారో, విమానం ఏమైందో ఇంతవరకూ జాడ లేదు. యాభై ఏళ్ల కిందటి సంగతి, ఇప్పటి విమానాలు వేరు అని మీ పిన్నమ్మ కసురుతోంది. అయినా సరే, పడవ ఏదన్నా ఉందేమో కనుక్కో. లేకుంటే ఎక్కే ముందు ఒక ఫోను, దిగినాక ఒక ఫోను.

జొన్నపిండి డబ్బాలో పోసి పంపుతున్నాం.

మీ చిన్నాయన