మేడిపండులో పురుగుకు పనేమిటి?

ప్రశ్న: మా పెరటి చివర పెద్ద మేడిచెట్టు ఉంది. పండ్లు రాలి నేలంతా చిత్తడిగా ఉంటోంది. విప్పితే పురుగులు, రాత్రయితే గబ్బిలాల గోల. కొట్టించేద్దామని మావారు అంటుంటే, ఇంటర్ చదివే మా అమ్మాయి జీవవైవిధ్యం దెబ్బతింటుందని అడ్డుపడుతోంది. ఒక్క చెట్టు పోతే నిజంగా అంత నష్టమా?
— ఒక పాఠకురాలు, జగిత్యాల జిల్లా

జవాబు: ముందుగా ఆ పురుగుల మీది నింద తొలగించాలి. మేడిపండు పొట్ట విప్పితే పురుగులుంటాయన్న మాటను పైపై మెరుగులకు పోలికగా చిన్నప్పుడే వల్లె వేశాం గానీ, ఆ పురుగు లేనిదే మేడికి గింజ కట్టదన్న సంగతి మనకెవరూ చెప్పలేదు.

పూత కనబడదు కనుక మేడి పూయకుండానే కాస్తుందని చాలామంది అనుకుంటారు. నిజానికి మనం కాయ అనుకునేదే పూలగుత్తి. సన్నని పూలు లెక్కకు మించి దాని లోపలి గోడను అంటుకొని పూస్తాయి. లేత కాయను తొడిమకు ఎదురు వైపున చూస్తే, పొలుసులతో మూసినట్లున్న చిన్న రంధ్రం కనబడుతుంది. కందిరీగకు దూరపు చుట్టమైన, నువ్వుగింజంత కూడా ఉండని ఒక ఆడ కీటకం ఆ పొలుసుల మధ్య నుంచి లోపలికి దూరుతుంది. ఆ ఇరుకులో రెక్కలు ఊడిపోతాయి కనుక దానికి మళ్లీ బయటికి రావడమనేది లేదు. తాను పుట్టిన కాయ నుంచి మోసుకొచ్చిన పుప్పొడిని పూలకు అందించి, కొన్నింటిలో గుడ్లు పెట్టి, అక్కడే చనిపోతుంది. గుడ్డు పడిన పువ్వులో పిల్ల పెరుగుతుంది, పుప్పొడి అందిన మిగతా పూలలో గింజ కడుతుంది. కొన్ని వారాలకు రెక్కల్లేని మగ కీటకాలు ముందుగా బయటపడి, ఇంకా పూలలోనే ఉన్న ఆడవాటితో జతకట్టి, కాయ గోడకు కన్నం తొలుస్తాయి. ఆడవి పుప్పొడి నింపుకొని ఆ కన్నం గుండా ఎగిరిపోతాయి. పండు మెత్తబడేది ఆ తరువాతే. అప్పుడు మీకు కనబడేవి చాలావరకు చచ్చిన మగవి, తరువాత చేరిన వేరే పురుగులు.

1880ల్లో కాలిఫోర్నియా రైతులు మేడికి చుట్టమైన అంజూరలో స్మిర్నా అనే రకం చెట్లు తెప్పించి నాటితే, చెట్లు ఏపుగా పెరిగినా కాయలు పండకుండానే రాలిపోయాయి. 1899లో దాని కీటకాన్ని కూడా తెచ్చి స్థిరపరిచాకే పంట చేతికొచ్చింది. (మన మార్కెట్లో తాజాగా దొరికే అంజూర ఎక్కువగా కీటకంతో పనిలేని రకమే కనుక, శాకాహారులు కంగారుపడనక్కరలేదు.)

ఇక మీ అసలు ప్రశ్న. ఆ ఆడ కీటకం ఆయుష్షు ఒకటి రెండు రోజులు. ఒక చెట్టు మీది కాయలు సాధారణంగా ఒకే ఈడువి కనుక, బయటికొచ్చిన కీటకం లేత కాయలున్న మరో చెట్టును ఆ కొద్ది వ్యవధిలోనే వెతుక్కోవాలి. మేడికి దగ్గరి బంధువైన ఒక ఆఫ్రికా చెట్టు కీటకాలు గాలివాటున 160 కిలోమీటర్ల దూరం కూడా చేరినట్లు నమీబియాలో తేలింది కాబట్టి, మీ ఒక్క చెట్టుతో జాతి అంతరిస్తుందని నేను అనను. అయితే ప్రతి ఇంటివారూ ఒక్క చెట్టే కదా అనుకుంటే కీటకానికి మజిలీలు కరవవుతాయి. చెట్లు తలొక కాలంలో కాయడం వల్లనే, మిగతా పండ్లు దొరకని రోజుల్లోనూ కోకిలలకు, పచ్చపావురాలకు, ఉడుతలకు మేడిపండు దొరుకుతుంది. మీరు విసుక్కుంటున్న గబ్బిలాలు ఆ పండు తిని, గింజలను దూరదూరాలకు చేరవేస్తాయి. మీ చెట్టు కూడా అలా మొలిచిందే కావచ్చు.

నా సలహా మీ అమ్మాయి వైపే. ఇంటి మీదికి వాలిన కొమ్మలు మాత్రం నరికించండి. రాలిన పండ్లను పశువులు, మేకలు ఇష్టంగా తింటాయి. పండబోతున్న, ఇంకా కన్నం పడని కాయలు నాలుగైదు కోసి, పల్చని గుడ్డ కట్టిన గాజు సీసాలో ఉంచమని మీ అమ్మాయితో చెప్పండి. సరైన అదనులో కోస్తే, రెక్కలున్న ఆ చిన్న కీటకాలు బయటికి రావడాన్ని మీవారు కూడా చూడవచ్చు. చూశాక సీసాను చెట్టు కిందికి తీసుకెళ్లి మూత విప్పండి.