అంబాసిడర్ నాకింగ్: టైమింగ్ కన్నా ముందు గ్యాప్ చూడండి

మీ అంబాసిడర్ కారులో పాయింట్లు (డిస్ట్రిబ్యూటర్‌లో తెరుచుకుని మూసుకుంటూ స్పార్కు పడేలా చేసే చిన్న లోహపు కొనలు) మార్చాకే నాకింగ్, అంటే ఇంజిన్‌లో కటకట శబ్దం, మొదలైందన్నారు కాబట్టి నేను పెట్రోలును అనుమానించను. పాయింట్ల మధ్య గ్యాప్ ఎక్కువైనట్టుంది. అప్పుడు పాయింట్లు ముందే తెరుచుకుంటాయి, స్పార్కూ ముందే పడుతుంది. పంజాగుట్ట నుంచి బంజారాహిల్స్ ఎత్తు ఎక్కేటప్పుడు టాప్ గేరులో ఆ కటకట అందుకే.

గ్యాప్ మారిన ప్రతిసారీ టైమింగ్, అంటే స్పార్కు పడే క్షణం, కూడా మారుతుంది. మీ మెకానిక్ వదిలేసింది ఇదే.

1. ప్లగ్గులు తీసి ఇంజిన్‌ను చేత్తో తిప్పండి. పాయింట్ల ఫైబర్ ముక్క క్యామ్ మూల మీదికి, అంటే బాగా ఎత్తైన చోటికి, సరిగ్గా రావాలి. కాస్త పక్కకున్నా కొలత అబద్ధం చెబుతుంది. లూకాస్ కంపెనీ డిస్ట్రిబ్యూటర్ అయితే గ్యాప్ 0.35 నుంచి 0.40 మి.మీ. ఫీలర్ గేజ్ (గ్యాప్ కొలిచే పలుచని రేకు) కొద్దిగా పట్టి జారాలి. స్క్రూ బిగించాక మళ్లీ కొలవండి. బిగించేటప్పుడే గ్యాప్ జరుగుతుంది.

2. ప్లగ్గులు పెట్టి ఇంజిన్ వేడెక్కనివ్వండి. డిస్ట్రిబ్యూటర్ నుంచి కార్బ్యురేటర్ వైపు వెళ్లే వాక్యూమ్ పైపు ఊడదీసి, కార్బ్యురేటర్ వైపు కొన మూసి, ఐడిల్‌లో టైమింగ్ లైటు (స్పార్కు పడినప్పుడల్లా మెరిసే లైటు) వేయండి. టైమింగ్ డిగ్రీలు మీ బండి మాన్యువల్‌లో ఉన్నవే, పక్క బండివి కావు.

3. డిస్ట్రిబ్యూటర్‌ను పట్టి ఉంచే క్లాంపు వదులు చేసి, రోటర్ (దాని లోపల తిరిగే ముక్క) తిరిగే దిక్కుకే డిస్ట్రిబ్యూటర్‌ను వెంట్రుకవాసి తిప్పితే స్పార్కు ఆలస్యమవుతుంది. ఎదురు తిప్పితే ముందుకొస్తుంది.

4. బిగించి, మరోసారి లైటు వేసి, పైపు తగిలించండి.

అదే ఎత్తు మీద నడిపి చూడండి. ఇంకా కటకటమంటే ఒకటి రెండు డిగ్రీలు వెనక్కి తగ్గించండి.