సీసాల కొంగ మెడ ఎందుకు ఊడింది?

ప్రశ్న: వాడేసిన ప్లాస్టిక్ సీసాలు, పాత సైకిల్ చైన్లతో మూడడుగుల కొంగ బొమ్మ చేశాను. అన్నీ గ్లూ గన్‌తోనే అతికించాను. ఎండలో పెట్టిన రెండో రోజుకే మెడ ఊడిపడింది, రంగు కూడా పొరలుగా లేస్తోంది. ఎక్కడ తప్పు చేశాను?

జవాబు: టెన్షన్ పడకండి, మళ్లీ నిలబెట్టొచ్చు. వేడికి కరిగి అతుక్కునే ఆ జిగురు ఎండలో మళ్లీ మెత్తబడుతుంది, దాని మీద చైన్ బరువు వేలాడితే ఇక ఆగదు. అందుకే ముందు గట్టి ఇనుప తీగతో కాళ్ల నుంచి తల దాకా లోపల ఒక అస్థిపంజరం కట్టుకోండి, బరువంతా దాని మీదే పడాలి, సీసా ముక్కలకి చిన్న బెజ్జాలు పెట్టి సన్న తీగతో దానికే కుట్టేయండి. చైన్‌కున్న గ్రీజు పూర్తిగా వదిలించాలి.

రంగంటారా, నున్నటి ప్లాస్టిక్ మీద నిలవదు. ఎమరీ పేపర్‌తో రుద్ది, ప్రైమర్ (రంగు పట్టేలా ముందుగా వేసే పూత) వేశాకే వేయండి. నన్నడిగితే చైన్‌కి మాత్రం రంగు వద్దు. 1942లో ప్రసిద్ధ చిత్రకారుడు పికాసో సైకిల్ సీటు, హ్యాండిల్ కలిపి ఎద్దు తల చేశాడు, అందులో సైకిలూ కనిపిస్తుంది, ఎద్దూ కనిపిస్తుంది. మీ కొంగ మెడలో చైన్‌ని కూడా అలాగే కనిపించనివ్వండి.